మోతియాబింద్ తారీఖ్: కంటిలో ముత్యం ఎలా పుడుతుంది?



మన ఇళ్లలో బుజుర్గుల కంటికి వచ్చే ఒక మర్జ్‌కి నాలుగు పేర్లున్నాయి. పక్కింటి తెలుగువాళ్లు శుక్లం అంటారు, అంటే తెలుపు. పల్లెల్లో కంటికి పొర కమ్మింది అంటారు. మన దాదీమా మోతియాబింద్ అంటుంది, ముత్యం లాంటి చుక్క. యునానీ హకీమ్ సాబ్ దాన్ని నుజూలుల్ మా అంటారు, అరబీలో నీళ్లు దిగడం అని. తెలుపు, పొర, ముత్యం, నీళ్లు. ఒక్కో జమానాలో మనుషులు ఆ కంట్లోకి తొంగి చూసి, తమకు తోచిన పేరు పెట్టారు.

నీళ్లు దిగడం వల్ల, పొర పెరగడం వల్ల అది రాదని, కంటిలో ఉన్న ప్రోటీనే తన మడత తప్పడం వల్ల వస్తుందని తెలియడానికి సుమారు వెయ్యేళ్లు పట్టింది. ఆ కథలో బగ్దాద్ ఉంది, కైరో ఉంది, మన హైదరాబాద్ కూడా ఉంది. ఆ ఇల్మ్ మన గడప దాకా రాకపోవడం వల్లే బందరులో, గుడివాడలో, దివిసీమలో చాలామంది బుజుర్గులు ఈ రోజుకీ అక్కర్లేని చీకట్లో కూర్చుని ఉన్నారు. అందుకే ఈ తారీఖ్ రాస్తున్నాను.

కహ్హాల్‌ల జమానా

కళ్లకు ఇలాజ్ చేసే వైద్యుణ్ణి అరబీలో కహ్హాల్ అంటారు. మనం పెట్టుకునే సుర్మాకి అరబీలో కుహ్ల్ అని పేరు, ఆ మాట నుంచే కహ్హాల్ వచ్చింది. బగ్దాద్‌లో అలీ ఇబ్న్ ఈసా అనే కహ్హాల్ 'తజ్‌కిరతుల్ కహ్హాలీన్' అనే కితాబు రాశాడు. కంటి జబ్బుల మీద కొన్ని వందల ఏళ్లు అదే పాఠ్యపుస్తకం. అదే కాలంలో మోసుల్‌లో పుట్టిన అమ్మార్ ఇబ్న్ అలీ ఈజిప్టులో పనిచేశాడు. అతను బోలు సూదిని కంట్లోకి పంపి, మెత్తటి శుక్లాన్ని పీల్చి తీసే పద్ధతి రాసిపెట్టాడు. ఇది క్రీస్తు శకం 1000 ప్రాంతం మాట.

అంతకు ముందు నుంచీ ఉన్న పద్ధతి వేరు. సూదితో గుచ్చి, తెల్లబడిన దాన్ని కంటిలోనే కిందికి నెట్టేవాళ్లు. మన దేశంలో సుశ్రుతుడి పేరుతో ఉన్న గ్రంథంలోనూ ఇదే ఉంది. నెట్టగానే వెలుతురు లోపలికి వెళ్లేది, మనిషికి మసకగా కనిపించేది.

కానీ అంత పెద్ద హకీములు కూడా ఒక విషయంలో పొరబడ్డారు. కంటిలోని కటకాన్ని వాళ్లు రుతూబతె జలీదియా అన్నారు, మంచుగడ్డ లాంటి తడి అని. చూపు పుట్టేది అందులోనే అనుకున్నారు. మోతియాబింద్ వచ్చిందంటే మెదడు వైపు నుంచి ఒక చెడ్డ నీరు దిగి ఆ మంచుగడ్డ ముందు గడ్డకట్టిందని వాళ్ల లెక్క. 11వ శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికా నుంచి ఇటలీకి వెళ్లిన కాన్‌స్టాంటైన్ ఈ అరబీ కితాబులను లాటిన్‌లోకి తెచ్చాడు. నీళ్లు దిగడం అనే మాటకు లాటిన్‌లో జలపాతం అనే మాట వచ్చి చేరింది. ఇవాళ డాక్టర్ చీటీ మీద రాసే క్యాటరాక్ట్ అదే. మన నుజూలుల్ మాకి అది లాటిన్ లిబాస్.

బందరు రేవు, దారుష్షిఫా

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మన బందరు ఎంత పెద్ద రేవో మీకు తెలుసు. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో ఇక్కడ కోఠీలు పెట్టుకున్నారు. ఇక్కడి జహాజ్‌లు ఇరాన్‌లోని బందర్ అబ్బాస్‌కీ, ఎర్ర సముద్రంలోని మోఖాకీ వెళ్లేవి. కలంకారీ బట్ట పోయేది, గుర్రాలూ ఇరానీ తాజిర్‌లూ ఆలిమ్‌లూ వచ్చేవాళ్లు. ఫార్సీ చదివిన హకీములు గోల్కొండ దర్బారులో పెద్ద హోదాల్లో ఉండేవాళ్లు. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590లలో హైదరాబాద్‌లో దారుష్షిఫా కట్టించాడు. అక్కడ ఇలాజూ జరిగేది, యునానీ తిబ్ తాలీమూ నడిచేది. మన నానీలు వాడే మర్జ్, నుస్ఖా, పర్హేజ్ అనే మాటలన్నీ ఆ తిబ్ వదిలి వెళ్లిన నిషానీలే.

తర్వాత కంపెనీ వచ్చింది, రేవు వైభవం తగ్గింది, కృష్ణా జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైంది. పల్లెల్లో సూదితో నెట్టే పద్ధతి మాత్రం పోలేదు. మద్రాసు ప్రభుత్వ కంటి ఆసుపత్రి పెద్ద రాబర్ట్ హెన్రీ ఎలియట్ ఈ పద్ధతి మీద ఒక పుస్తకమే రాశాడు, 1918 ప్రాంతంలో అచ్చయింది. ఊరూరా తిరిగే సూది వైద్యుల చేతిలో పడి, తర్వాత ఆసుపత్రికి వచ్చిన కళ్ల తాలూకు విషాదం అది. కడగని సూదితో చీము పట్టేది. కిందికి నెట్టిన ముత్యం లోపలే ఉండి కంటిని వాపెక్కించేది. మొదటి వారం కనిపించిన రోష్నీ కొన్ని నెలల్లో ఆరిపోయేది. శుక్లం ఆపరేషన్ అంటే మన బుజుర్గులకు ఉన్న ఖౌఫ్ వెనుక ఆ రోజుల యాది కూడా ఉంది. ఆ భయం ఉత్తదేమీ కాదు, దానికి కారణాలున్నాయి. కానీ ఆ కారణాలు ఇప్పుడు లేవు.

నీరు కాదు, కటకమే

1705లో ఫ్రాన్స్‌లో బ్రిసో అనే వైద్యుడు చనిపోయిన ఒక సిపాయి కంటిని కోసి చూశాడు. తెల్లబడింది కటకం ముందున్న నీరు కాదు, కటకమే. నమ్మడానికి అక్కడి పండితులకు కొన్నేళ్లు పట్టింది. 1747లో జాక్ డావియెల్ కటకాన్ని నెట్టడం మాని బయటికి తీశాడు. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ తీసిన చోట ప్లాస్టిక్ కటకం పెట్టాడు. యుద్ధ విమానాల కిటికీ ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకుని కూడా కంటికి హాని చేయకుండా ఉండిపోవడం చూసి ఆయనకు ఆ ఖయాల్ వచ్చింది.

సరే, కటకమే తెల్లబడుతుంది. ఎందుకు? ఇక్కడే అసలు కథ మొదలవుతుంది.

గుడ్డు తెల్లసొన చెప్పే పాఠం

ప్రోటీన్ అంటే గుడ్డులో, పప్పులో ఉండే తాకత్ అని మనకు తెలుసు. నిజానికి మన ఒంట్లో పనులన్నీ చేసేవి ప్రోటీన్‌లే. ఒక్కో ప్రోటీన్ ఒక పొడవాటి గొలుసు. ఆ గొలుసు సరిగ్గా ఒక తీరులో మడతపడితేనే పని చేస్తుంది. మడత తప్పితే లోపల దాగాల్సిన జిగురు భాగాలు బయటికి వస్తాయి. అలాంటివి ఒకదానికొకటి అతుక్కుని ముద్ద అవుతాయి.

రోజూ పొద్దున మన బావర్చీఖానాలో ఇది జరుగుతూనే ఉంటుంది. పెనం మీద గుడ్డు కొట్టండి. గాజులా ఉన్న సొన వేడికి తెల్లబడుతుంది. బయటి నుంచి తెల్ల రంగేమీ వచ్చి కలవలేదు. ప్రోటీన్ మడతలు విడిపోయి, ముద్దకట్టి, వెలుతురుకి అడ్డం పడ్డాయి. మోతియాబింద్‌లో జరిగేదీ ఇదే. అక్కడ పెనం లేదు, మంట లేదు, అరవై డెబ్భై ఏళ్ల కాలం ఉంది. వేగిన గుడ్డుని తిరిగి సొనగా మార్చలేం. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మరి మిగతా ఒళ్లంతా ఎందుకు ముద్ద కట్టడం లేదు? ఎందుకంటే కణాల్లో తోడు ప్రోటీన్‌లు ఉంటాయి. శాస్త్రవేత్తలు వాటిని షాపెరాన్ అన్నారు. వెనకటి రోజుల్లో యూరప్‌లో పెళ్లికాని ఆడపిల్ల బయటికి వెళ్తే వెంట వెళ్లే పెద్దావిడ పేరు అది. మన ఇళ్లలో ఆ పని ఖాలాలూ ఫూఫీలూ చేసేవాళ్లు. మడత ఇంకా కుదరని ప్రోటీన్ పక్కన ఈ ఖాలా నిలబడుతుంది, అడ్డమైన వాటికి అతుక్కోకుండా కాపాడుతుంది.

1962లో ఇటలీలో రిటోస్సా అనే శాస్త్రవేత్త పండ్ల ఈగల మీద పనిచేస్తుండగా, ఎవరో ఈగల పెట్టెలో వేడి పెంచారు. ఆ వేడికి ఈగల క్రోమోజోముల్లో కొన్ని చోట్ల ఉబ్బులు కనిపించాయి. వేడి తగిలితే కణం కొత్త ప్రోటీన్‌లు తయారు చేస్తోందన్నమాట. తర్వాత తెలిసింది, వాటిలో చాలా వరకు ఈ తోడు ప్రోటీన్‌లే.

కార్ఖానా, ముగ్గురు చౌకీదార్లు

కణంలో ప్రోటీన్‌లను మడిచి బయటికి పంపే కార్ఖానా ఒకటి ఉంది, పేరు ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్. అక్కడ మడత కుదరని సరుకు పేరుకుపోతే ఐఆర్ఈ1, పెర్క్, ఏటీఎఫ్6 అనే ముగ్గురు చౌకీదార్లు గంట కొడతారు. అప్పుడు కణం మూడు పనులు చేస్తుంది. కొత్త సరుకు తయారీ తగ్గిస్తుంది, తోడు ప్రోటీన్‌లను పెంచుతుంది, పాడైన సరుకుని పారేస్తుంది. అయినా దారికి రాకపోతే ఆ కణం తన్ను తాను ఖతం చేసుకుంటుంది, పక్క కణాలకు నుఖ్సాన్ కాకుండా. ఈ ఇంతెజామ్‌ని 1990లలో జపాన్‌కు చెందిన కజుతోషి మోరి, అమెరికాలో పీటర్ వాల్టర్ ఈస్ట్‌లో విడివిడిగా బయటపెట్టారు. 2014లో ఇద్దరికీ లాస్కర్ అవార్డు వచ్చింది.

ఇది మనకు దూరపు విషయం కాదు. షుగర్ మర్జ్ దీనితో ముడిపడి ఉంది. క్లోమంలోని బీటా కణం ఇన్సులిన్‌ని రోజంతా మడుస్తూనే ఉంటుంది. ఒళ్లు ఇన్సులిన్ మాట వినడం మానేస్తే ఆ కార్ఖానాకి డబుల్ డ్యూటీ. ఏళ్ల తరబడి గంటలు మోగి మోగి చివరికి బీటా కణాలు అలసిపోతాయి, కొన్ని చనిపోతాయి. పెర్క్ చౌకీదార్ పుట్టుకతోనే లేని పిల్లలూ ఉంటారు. వాళ్లకు పుట్టిన కొన్ని నెలల్లోనే షుగర్ వస్తుంది. చాలా అరుదైన జబ్బు. అమ్మ నుంచీ అబ్బా నుంచీ రెండు వైపులా అదే లోపం వస్తేనే కనిపిస్తుంది కాబట్టి, దగ్గరి రిష్తాల్లో నికాహ్ జరిగే ఖాందాన్‌లలో ఎక్కువ. పుట్టుకతో వచ్చే మోతియాబింద్‌లో కొన్ని రకాలదీ ఇదే దారి. పసిబిడ్డ కంటిపాపలో తెల్ల చుక్క కనిపిస్తే నజర్ తగిలిందని ఆగకండి, ఆ వారమే కంటి డాక్టర్‌కి చూపించండి. ఆలస్యమైతే మెదడు చూడటం నేర్చుకోదు.

చౌకీదార్లు లేని కోట

ఇక కంటి కటకం దగ్గరికి వద్దాం. వెలుతురు అడ్డం లేకుండా పోవాలంటే దారిలో ఏమీ ఉండకూడదు. అందుకని కటకం లోపలి కణాలు ఎదిగే క్రమంలో తమ కేంద్రకాన్ని, ఆ కార్ఖానాని, అన్నింటినీ కరిగించేసుకుంటాయి. అల్లాహ్ ఖుద్రత్ చూడండి, మనకు చూపు ఇవ్వడానికి ఆ కణాలు తమ సామానంతా వదులుకున్నాయి. కానీ దాని ఖీమత్ కూడా ఉంది. కార్ఖానా లేదు కాబట్టి చౌకీదార్లు లేరు, గంట లేదు, కొత్త సరుకు రాదు. మీ నానీ కటకం నడిమధ్యలో ఉన్న ప్రోటీన్ ఆమె తన తల్లి కడుపులో ఉన్నప్పుడు తయారైంది. జిందగీ అంతా అదే.

మరి అది ఇన్నేళ్లు ఎలా నిలిచింది? ఈ సవాల్‌కి జవాబు 1992లో వచ్చింది. కటకం ప్రోటీన్‌లో సుమారు మూడో వంతు ఆల్ఫా క్రిస్టలిన్ అనే రకం. అది ఊరికే అక్కడ నిండి ఉన్న సరుకు కాదని, తోడు ప్రోటీన్ అని అమెరికాలో జోసెఫ్ హార్విట్జ్ చూపించాడు. అది రిటోస్సా ఈగల్లో వేడికి పుట్టిన ప్రోటీన్‌ల ఖాందాన్‌కి చెందిందే.

ఆ కథలో తర్వాతి వరఖ్ హైదరాబాద్‌లో రాశారు. హబ్సిగూడలోని సీసీఎంబీలో సిహెచ్. మోహన్‌రావు, బి. రామన్ ఆల్ఫా క్రిస్టలిన్ మీద ఏళ్ల తరబడి పనిచేశారు. 30 డిగ్రీలు దాటి వేడి పెరిగితే దాని రూపం కొంచెం సడలి, లోపలి జిగురు తలాలు బయటపడతాయని, అప్పుడు పక్క ప్రోటీన్‌లను పట్టుకుని కాపాడే తాకత్ పెరుగుతుందని 1994లో చూపించారు. వేడికి మిగతా ప్రోటీన్‌లు చెడిపోతుంటే ఈ ఖాలా ఇంకా హుషారవుతుందన్నమాట. మోహన్‌రావు తర్వాత ఆ సంస్థకు డైరెక్టర్ కూడా అయ్యారు. కుతుబ్‌షాహీల దారుష్షిఫా ఉన్న షహర్‌లోనే, నాలుగు వందల ఏళ్ల తర్వాత, నుజూలుల్ మా అసలు మతలబ్‌లో ఒక ముఖ్యమైన భాగం తేలింది.

ఈ ఖాలా కూడా ఎల్లకాలం ఉండదు. పట్టుకున్న ప్రతి చెడ్డ ప్రోటీన్‌తో ఆమె చెయ్యి ఒకటి ఖాళీ లేకుండా పోతుంది. నలభై, యాభై ఏళ్లకు కటకం నడిమధ్యలో ఖాళీగా ఉన్న ఆల్ఫా క్రిస్టలిన్ దాదాపు అయిపోతుంది. కటకం గట్టిపడి అక్షరాలు దూరం పెట్టుకుని చదివే చత్వారం మొదలయ్యేదీ ఆ వయసులోనే. ఆ పైన మడత తప్పిన ప్రతి ప్రోటీన్ ముద్దలో చేరుతుంది. అదే ముత్యం. అది ఒక్క రాత్రిలో పుట్టదు. గంట కొట్టే వీలు లేని కణాలు అరవై ఏళ్లు సబర్‌తో మోసి, ఇక మోయలేని రోజున కనిపిస్తుంది.

మన ఇలాఖాలో

ఈ సబర్‌ని తొందరగా ఖర్చు చేసేవి కొన్ని ఉన్నాయి. మొదటిది షుగర్. నెత్తురులో ఎక్కువైన చక్కెర కటకం ప్రోటీన్‌లకు అంటుకుని మడత చెడగొడుతుంది. రెండోది ఎండ. అమెరికాలో చెసపీక్ బే అనే చోట 838 మంది జాలర్లను పరీక్షించి 1988లో ఒక అధ్యయనం వేశారు. అతినీల కిరణాలు ఎక్కువ తగిలిన వాళ్లకు ఒక రకం శుక్లం ఎక్కువగా వచ్చింది. నీటి మీద పడి ఎగిరే ఎండ అది. నాగాయలంక, కోడూరు వైపు పడవల మీద, రొయ్యల చెరువుల గట్ల మీద, ఉప్పు మడుల్లో పనిచేసే మనవాళ్లకు ఆ ఎండ కొత్త కాదు. అంచు ఉన్న టోపీ, మంచి చలువ కళ్లద్దాలు షోకు కోసం కావు. మూడోది పొగ. బీడీ, సిగరెట్ పొగా, కట్టెల పొయ్యి పొగా రెండూ.

1977 నవంబరు 19 ఉప్పెనని దివిసీమలో కళ్లారా చూసిన పిల్లలకి ఇప్పుడు అరవై దగ్గర పడింది. బందరు, పెడన కలంకారీ అచ్చులు చెక్కిన చేతులకు, చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ పని చేసిన చేతులకు వయసు మీద పడింది. వాళ్ల కళ్లలో ముత్యం దిగే కాలం ఇదే.

1996 నుంచి 2000 దాకా ఎల్వీ ప్రసాద్ కంటి సంస్థ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 10 వేల మందికి పైగా జనాన్ని పరీక్షించింది. మన పక్క జిల్లా పశ్చిమ గోదావరి కూడా అందులో ఉంది. అంధత్వం 1.84 శాతం మందిలో కనిపించింది, అందులో 44 శాతానికి కారణం శుక్లమే. అంటే ఇలాజ్ ఉన్న మర్జ్ వల్లే దాదాపు సగం చీకటి.

నాలుగు మాటలు

ఒకటి, 'ముదరాలి' అనే మాట. కటకం మొత్తాన్ని తీసే పాత రోజుల్లో ఆ మాటకు అర్థం ఉండేది. ఇప్పుడు లేదు. ముదిరితే కటకం రాయిలా అవుతుంది, ఆపరేషన్ కష్టమవుతుంది, కంటిలో ఒత్తిడి పెరిగి ఉన్న చూపే పోవచ్చు. రోజువారీ పనికి తక్లీఫ్ అయిన రోజే సరైన రోజు.

రెండు, చుక్కల మందు. శుక్లాన్ని కరిగిస్తామనే ఇష్తెహార్‌లు వస్తూనే ఉంటాయి. వేగిన గుడ్డు మాట గుర్తుందా? 2015లో లానోస్టెరాల్ అనే పదార్థం కుక్కల శుక్లాన్ని తగ్గించిందని ఒక పరిశోధన వచ్చి ఉమ్మీద్ పుట్టించింది. ఆపరేషన్‌లో తీసిన మనుషుల శుక్లాల మీద వేసి చూస్తే అవి కరగలేదు. ఇప్పటికి మనిషి శుక్లానికి పనిచేస్తుందని రుజువైన చుక్కల మందు లేదు. తేనె, ఉల్లిరసం కంట్లో పోస్తే మంటే మిగులుతుంది.

మూడు, నమాజ్. ఆపరేషన్ తర్వాత కొన్ని రోజులు సజ్దా వద్దంటారు, వజూ నీళ్లు కంట్లో పడకూడదంటారు. ఈ ఒక్క మాటకి ఆగిపోయిన బుజుర్గులు ఎందరో. ఈ సవాల్ కూడా కొత్తది కాదు. హజ్రత్ ఇబ్న్ అబ్బాస్ రజియల్లాహు అన్హు కంటికి నీళ్లు దిగినప్పుడు, కొన్ని రోజులు పడుకుని నమాజ్ చేస్తే ఇలాజ్ చేస్తామని తబీబ్ అన్నాడని, ఆయన దానికి ఒప్పుకోలేదని రివాయత్ ఉంది. ఆ రివాయత్ తెలిసి కూడా హనఫీ ఫుఖహా వేరే ఫైస్లా ఇచ్చారు. 1191లో వఫాత్ అయిన ఇమామ్ కాసానీ 'బదాయె సనాయె'లో సరిగ్గా ఈ మసలానే చర్చించారు. కంట్లో నీరు తీసిన తబీబ్ కొన్ని రోజులు వెల్లకిలా పడుకోమని, కూర్చోవద్దని, సజ్దా చేయవద్దని అంటే ఇషారాతో నమాజ్ సరిపోతుందని రాశారు. మాలికీల రాయ్ వేరుగా ఉంది. మీ ఇమామ్ సాబ్‌ని అడగండి, డాక్టర్‌ని ఎన్ని రోజులో అడగండి. ఈ రోజుల్లో అది కొద్ది రోజుల మాటే.

నాలుగు, ఆడవాళ్లు. మన దేశంలో శుక్లం ఆపరేషన్ దాకా మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లు తక్కువగా చేరుతున్నారని సర్వేలు చెబుతూనే ఉన్నాయి. ఇంట్లో ఉండే మనిషే కదా, ఇప్పుడేం తొందర అంటాం. దాదీమా కూడా ఎవరినీ తక్లీఫ్ పెట్టడం ఇష్టం లేక, గోడ పట్టుకుని వంటింట్లోకి నడుస్తుంది. ముస్హఫ్ తెరిచి అక్షరాలు కనిపించక, యాద్ ఉన్న సూరాలే చదువుకుని మూస్తుంది. అడిగితే బాగానే ఉంది బేటా అంటుంది. ఆమె కటకం లాగే ఆమె కూడా గంట కొట్టదు.

గంట మనం కొట్టాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో, చాలా ఖైరాతీ కంటి ఆసుపత్రుల్లో ఈ ఆపరేషన్ ఉచితం. నొప్పి తెలియకుండా మత్తు ఇస్తారు, మామూలుగా అరగంట లోపు అయిపోతుంది, సాయంత్రానికి ఇంటికి రావచ్చు. షుగర్ ఉంటే ముందు దాన్ని అదుపులోకి తెస్తారు, కంటి నరం కూడా చూస్తారు.

సూరె యూసుఫ్‌లో హజ్రత్ యాఖూబ్ అలైహిస్సలాం కళ్లు గమ్‌తో తెల్లబడటం, కొడుకు ఖమీజ్ తాకగానే రోష్నీ తిరిగి రావడం మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. అది నబీల మాజిజా. మన ఇంట్లో బుజుర్గులకి అల్లాహ్ ఇంకో సబబ్ పెట్టాడు, మనుషుల ఇల్మ్. ఆ ఇల్మ్‌ని మోసుకొచ్చింది బగ్దాద్ కహ్హాల్‌లూ, లండన్ సర్జన్లూ, హబ్సిగూడ సైంటిస్టులూ. చివరి నాలుగు అడుగులు మాత్రం మనవి. ఈ జుమ్మా నమాజ్ అయ్యాక ఇంటికి వెళ్లి మీ అమ్మీని, దాదీని, పక్కింటి బేవా ఖాలాని ఒక కన్ను మూసుకుని గోడ మీద క్యాలెండర్ తారీఖు చదవమనండి. తర్వాత రెండో కన్ను. చదవలేకపోతే సోమవారం బస్సెక్కించండి.